విద్యార్థి ఇవ్వబోవు జవాబు

బీఈడీ చదివేవాళ్లని ఛాత్రోపాధ్యాయులంటారు. ఆ మాట తడబడకుండా పలకడం వచ్చేసరికి సగం కోర్సు అయిపోతుంది. మిగతా సగం పాఠ్యప్రణాళికలు, అంటే లెసన్ ప్లాన్లు, రాయడానికి సరిపోతుంది.

అంజనికి ఈ రెండూ పెద్ద కష్టం కాలేదు. ఎమ్మెస్సీ లెక్కలు మంచి మార్కులతో పాసైన పిల్ల. కంప్యూటర్ కోర్సు నేర్చుకుని బెంగళూరు పొమ్మని ఇంట్లో అందరూ మొత్తుకున్నా వినకుండా, హైస్కూల్లో లెక్కల టీచరు కావాలని శ్రీ జ్ఞానభేరి బోధనా కళాశాలలో చేరింది. లెక్క అర్థమైన క్షణంలో పిల్లల మొహం ఎలా మారుతుందో చూడటమంటే ఆమెకి పిచ్చి. ఆ పిచ్చికి సర్కారు జీతం కూడా ఇస్తుందంటే అంతకన్నా ఏం కావాలి? టీచరు పోస్టులకి ఈ ఏడే ప్రకటన పడుతుందని ఊరంతా కోడై కూస్తోంది. ఈలోగా బీఈడీ గట్టెక్కితే చాలు. సరిగ్గా అక్కడే గండం వచ్చిపడింది.

పాఠ్యప్రణాళికలో మూడు నిలువు గడులుంటాయి. మొదటిదాంట్లో పాఠ్యాంశం, రెండోదాంట్లో ఉపాధ్యాయుడు అడుగు ప్రశ్న, మూడోదాంట్లో విద్యార్థి ఇవ్వబోవు జవాబు. అంటే పిల్లవాడు రేపు ఏం చెబుతాడో ఇవాళే రాసిపెట్టాలన్నమాట. తాతల కాలం నుంచీ అందరూ రాస్తూనే ఉన్నారు, ఎవరూ చదవకుండానే సంతకాలు పెడుతున్నారు. అంతా సజావుగా సాగుతుండగా, విశ్వవిద్యాలయంలో ఒక పెద్దమనిషి పొరపాటున ఆ మూడో గడి చదివాడు. చదివి ఊరుకోకుండా తరగతిలోకి వెళ్లి, పిల్లలు నిజంగా ఏమంటున్నారో విన్నాడు. రెంటికీ బొత్తిగా పొంతన లేదు. ఆయనకి గుండె ఆగినంత పనైంది.

వెంటనే ఒక సంఘం వేశారు. సంఘం కూలంకషంగా చర్చించి ఒక ఉత్తర్వు పంపింది. దాన్ని ప్రిన్సిపాల్ పరాంకుశరావు గారు ఉదయం ప్రార్థన తర్వాత శాలువా సవరించుకుని మరీ చదివారు.

"ప్రియ ఛాత్రోపాధ్యాయులారా! ఇవ్వబోవు జవాబుకూ ఇచ్చిన జవాబుకూ మధ్య వ్యత్యాసం ఏర్పడుట ఛాత్రోపాధ్యాయుని దూరదృష్టి లోపముగా పరిగణించబడును. ఇకమీదట బోధనకు మార్కులు అనురూపతా సూచికను బట్టి మాత్రమే కేటాయించబడును. రాసినదే పిల్లవాడు పలకవలెను. పలికినదే రాసి ఉండవలెను. వాతావరణ శాఖ వారు రేపటి వానను ఇవాళే చెప్పగలుగుతున్నప్పుడు, ఎనిమిదో తరగతి పిల్లవాడి జవాబును మనం చెప్పలేమా?"

"వాళ్లు చెప్పిన వాన ఎప్పుడు కురిసిందంట?" అని వెనక వరసలో మస్తాన్ వలీ గొణిగాడు. అతనిదీ లెక్కలే. కోరమీసం, బొంగురు గొంతు, ఏ పనినైనా అడ్డదారిలో సులువుగా చేయడంలో దిట్ట. అంజనికి ఆ కాలేజీలో ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు.

ఆ వారమే అంజని పక్కనున్న ఉన్నత పాఠశాలలో మొదటి పాఠం చెప్పింది. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ఏమొస్తుందన్నది ఆమె ప్రశ్న. 'ధన సంఖ్య వచ్చునండీ' అని మూడో గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. వెనక బెంచీలో పర్యవేక్షకురాలు విజయభారతి మేడం కళ్లజోడు పెట్టుకుని, పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చుంది.

అంజని ప్రశ్న అడిగింది. ముందు బెంచీలో దీవెన అనే పిల్ల లేచి, "ధన సంఖ్యంట మేడం. మొన్న వేరే మేడం చెప్పింది. కానీ ఎందుకు మేడం? రెండు చెడ్డవి కలిస్తే ఇంకా చెడ్డదవ్వాల గదా?" అంది.

అంజని కళ్లు వెలిగిపోయాయి. మూడో గడీ, విజయభారతి మేడమూ, బీఈడీ అన్నీ మర్చిపోయింది. దీవెనని వెనక్కి నడవమని, దాన్ని ఫోన్‌లో వీడియో తీసింది. ఆ వీడియోని వెనక నుంచి ముందుకి తిప్పి చూపించింది. బొమ్మలో దీవెన చక్కా ముందుకి నడుచుకుంటూ వచ్చేసింది.

"ఓర్నాయనో! వెనకదాన్ని వెనక్కి తిప్పితే ముందుకొచ్చుద్ది!" అని తరగతి తరగతీ అరిచింది. ఇంక ఒక్కడు కూర్చుంటే ఒట్టు. అందరూ లేచి వెనక్కి నడవడం మొదలుపెట్టారు. గంట కొట్టినా ఆగలేదు. ఒకడు వెనక్కి నడుస్తూనే వరండా దాటి పక్క తరగతిలో తేలాడు.

విజయభారతి మేడం చెడ్డమనిషి కాదు. పాఠం మధ్యలో ఒకసారి తన ఫోన్ కూడా బయటికి తీసి, మళ్లీ పర్సులో పెట్టుకుంది. కానీ ఉత్తర్వు ఉత్తర్వే.

"అంజనీ, పాఠం బాగుందమ్మా. నాక్కూడా అర్థమైంది. కానీ ఆ పిల్ల 'ఎందుకు' అంది. నువ్వు ఎక్కడ రాశావు 'ఎందుకు' అని? 'ఓర్నాయనో' అని ఎక్కడ రాశావు? పిల్లలు వెనక్కి నడుచుదురు అని ఏ గడిలో ఉంది?"

"ఎక్కడా లేదు మేడం."

"మరి సున్నా వేయక నన్నేం చేయమంటావు చెప్పు?" అని నొచ్చుకుంటూనే సున్నా వేసింది.

మర్నాడు మస్తాన్ వలీ పాఠం. అతను ప్రశ్న అడిగాడు, తరగతి నిశ్శబ్దంగా ఉంది. ఇంకోటి అడిగాడు, మళ్లీ నిశ్శబ్దం. అతని మూడో గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే మాట ఉంది: 'విద్యార్థులు మౌనముగా చూచుదురు.' సూచిక నూటికి నూరు! ఆ ప్రణాళికకి అద్దం కట్టించి స్టాఫ్ రూమ్‌లో తగిలించారు.

"అదేం పాఠమయ్యా, ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు," అని అంజని దులిపేసింది.

"నాక్కూడా అర్థం గాలేదులే. అర్థమైతే మాట్లాడతారు, మాట్లాడితే మార్కులు పోతాయి. నీకు లెక్కలొచ్చుగానీ బతకటం రాదు అంజనీ," అన్నాడు మస్తాన్ వలీ.

నెల తిరిగేసరికి కాలేజీ మొత్తం మౌనం పాటించింది. వాడవాడలా ఉన్న బోధనా కళాశాలలన్నీ అదే దారి పట్టాయి. విశ్వవిద్యాలయం మళ్లీ కంగారు పడింది. పిల్లలు మాట్లాడకపోతే బోధన జరిగినట్టు రుజువేముందని మరో ఉత్తర్వు దిగింది. 'మౌనము నిషేధించడమైనది. విద్యార్థులు సహజముగా తప్పులు చేయుదురు గనుక, వారు చేయబోవు తప్పులను సైతము ఛాత్రోపాధ్యాయుడు ముందుగానే రాయవలెను. తప్పు లేని ప్రణాళిక తప్పుగా పరిగణించబడును.'

తప్పు రాశాక తప్పు పలికించాలి కదా. ఎవరు పలుకుతారు? ఆ బాధ్యత గోపి అనేవాడి మీద పడింది. వాడు పక్క స్కూలు ఎనిమిదో తరగతిలో అందరికన్నా ముందు లెక్క చేసే పిల్లవాడు. ఛాత్రోపాధ్యాయులంతా వాణ్ణి బతిమాలి, చాక్లెట్లు పెట్టి, తప్పులు వల్లెవేయించారు. వాడికి ఆ పని బాగా నచ్చేసింది. పాఠం మధ్యలో లేచి, "సార్, తప్పు ఇప్పుడు చెప్పమంటారా, బొమ్మ గీశాక చెప్పమంటారా?" అని మర్యాదగా అడిగేవాడు. వేరే ఎవడన్నా తన తప్పు ముందే చెప్పేస్తే, "తప్పు చెప్పాల్సింది నేను సార్, వాడు కాదు!" అని ఏడ్చినంత పని చేసేవాడు.

పరీక్షలొచ్చాయి. గోపి వల్లెవేసినవన్నీ ఒక్కటి వదలకుండా రాశాడు. వాడితో పాటు తరగతి మొత్తం రాసింది. ఆ స్కూలు ప్రధానోపాధ్యాయురాలు జవాబు పత్రాల కట్ట చంకన పెట్టుకుని వచ్చి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద దబ్బున పడేసింది.

"ఏందండీ ఇది? త్రిభుజానికి నాలుగు భుజాలని క్లాసు మొత్తం రాసింది. గోపిగాణ్ణి పిలిచి అడిగితే, సార్లు సంతోషపడతారని రాశానంటన్నాడు. మీకో దణ్ణం, మీ పిల్లకాయలకో దణ్ణం. రేపటి నుంచి మా గేట్లోకి ఒక్కడు అడుగుపెట్టినా ఊరుకోను," అని, ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

పిల్లలు లేకపోతే పాఠం ఎవరికి చెప్పాలి? పరాంకుశరావు గారు గదిలో తలుపేసుకుని ఆలోచించి, మధ్యాహ్నానికి వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చారు.

"బాలలు లేని లోటును బాలలు లేకుండానే తీర్చగలము. ఒక ఛాత్రోపాధ్యాయుడు బోధించునప్పుడు తక్కిన ఛాత్రోపాధ్యాయులు బాలలుగా వ్యవహరింతురు. సహజత్వము కొరకు యూనిఫారము తప్పనిసరి."

మర్నాటి నుంచి కాలేజీ చూడముచ్చటగా తయారైంది. మస్తాన్ వలీ కోరమీసంతో, నీలం నిక్కరుతో ముందు బెంచీలో కూర్చున్నాడు. ఇద్దరు పిల్లల తల్లులు రెండు జడలు వేసుకుని ఎర్ర రిబ్బన్లు కట్టుకున్నారు. చిన్నప్పటి నుంచీ సెకండ్ బెంచీలో కూర్చోవాలని ఆశపడ్డ ఒక బట్టతలాయన ఆ కోరిక తీర్చుకున్నాడు. ఎవరి మూడో గడి వాళ్లు ముందు రోజే కాపీలు తీసి పంచిపెట్టేవారు. తప్పు చెప్పాల్సిన చోట తప్పు, నవ్వాల్సిన చోట నవ్వు. కునికిపాట్లు కూడా రాసినచోటే పడేవారు. సూచిక అందరికీ నూటికి నూరే. పిల్లలు లేని తరగతిలో బోధన సంపూర్ణంగా ఫలిస్తుందని పరాంకుశరావు గారు ఒక పరిశోధనా పత్రం సమర్పించి సన్మానం కూడా చేయించుకున్నారు.

ఇంత స్వర్ణయుగంలోనూ అంజనికి సున్నాలు ఆగలేదు. తోటివాళ్లు ఆమెకి సాయం చేద్దామనే కూర్చునేవారు. జవాబులు కంఠతా పట్టి వచ్చేవారు. కానీ ఆమె మొదలుపెట్టిన కాసేపటికే ఏదో అయిపోయేది. ఒకరోజు భాగహారం చెబుతోంది. నిక్కర్లో ఉన్న మస్తాన్ వలీ చెయ్యెత్తాడు. 'సున్నాతో భాగించరాదండీ' అని ఒక్క వాక్యం చెప్పి కూర్చోవాలి.

"ఆగాగు అంజనీ," అన్నాడు అతను నుదురు చిట్లించి. "సున్నాతో భాగించకూడదని నేనూ డిగ్రీ దాకా రాసుకుంటా వచ్చా. ఎందుకు కూడదో నాకిప్పటికీ తెలీదు. నిజంగా అడుగుతున్నా, చెప్పు."

"అవునమ్మా చెప్పు, మాక్కూడా తెలీదు," అన్నారు రిబ్బన్లవాళ్లు.

"ఎనిమిదిని రెండుతో భాగిస్తే నాలుగని ఎందుకంటాం? నాలుగుని మళ్లీ రెండుతో గుణిస్తే ఎనిమిదొస్తుంది కాబట్టి. మరి దేన్ని సున్నాతో గుణిస్తే ఎనిమిదొస్తుందో వెతుకు," అంది అంజని.

మస్తాన్ వలీ వెతికాడు. కాసేపటికి అతని మొహం అచ్చం దీవెన మొహంలా అయిపోయింది. "యాడా దొరకదు గదే!" అన్నాడు సంబరంగా. ఆ సంబరానికి అంజనికి ఒళ్లు పులకరించింది, మార్కుల పట్టీలో మరో సున్నా చేరింది. ఆ సాయంత్రం ఆమె మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పాఠం చెప్పడం వచ్చినందుకు ఫెయిలయ్యే మనిషి ప్రపంచంలో తనొక్కతేనేమోనని ఆమె దిగులు.

చివరి పరీక్ష దగ్గర పడింది. పరీక్షకులుగా వచ్చేవాళ్లు ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా మార్కులు వేస్తున్నారని ఫిర్యాదులు వెళ్లాయి. విశ్వవిద్యాలయానికి ఇప్పుడు వైద్యం చేతికొచ్చింది. ఏ రోగానికైనా అదే మాత్ర. కొత్త ఉత్తర్వులో నాలుగో గడి వెలిసింది: 'పరీక్షకులు ఇవ్వబోవు మార్కులు.' ఛాత్రోపాధ్యాయుడు రాసినన్ని మార్కులే పరీక్షకులు వేస్తే అతని దూరదృష్టి రుజువైనట్టు, పూర్తి మార్కులకు అర్హుడు. వేరే వేస్తే దూరదృష్టి లేనట్టు, సున్నా. మధ్యేమార్గం లేదు.

"ఏముందీ, అందరం నూటికి నూరని రాశాం," అన్నాడు మస్తాన్ వలీ. "ఆయన నూరేస్తే మనం రాసింది నిజమైద్ది, నూరొచ్చుద్ది. నువ్వూ అదే రాసెయ్."

"ఒక్క పాఠానికైనా నాకు సున్నా కాక ఇంకోటి వచ్చిందా? వస్తుందని నమ్మకం లేనిది ఎట్టా రాస్తాను?" అని, అంజని ఉన్నమాటే రాసింది. నాలుగో గడిలో ఒక సున్నా చుట్టింది.

పరీక్షకులుగా ఆచార్య ఉమాపతి గారు వచ్చారు. లెక్కల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. నిక్కర్లలో మీసాలవాళ్లని చూసి ఉలిక్కిపడి, ఇంకేమీ అనకుండా మూల కుర్చీలో కునుకు తీయడానికి సిద్ధమయ్యారు. అంజని పాఠం మొదలుపెట్టాక ఆ కునుకు పట్టలేదు. ఎప్పటిలాగే తరగతి కంఠతా పట్టిన జవాబులు మర్చిపోయి సొంత ప్రశ్నలు అడిగింది. ఉమాపతి గారు కూడా రెండడిగారు. పాఠం అయ్యాక ప్రణాళిక తిరగేసి, నాలుగో గడి చూసి, నవ్వి పెన్ను తీశారు.

పెన్ను కాగితం మీద ఆనించి ఆగిపోయారు. ఎత్తారు. మళ్లీ ఆనించారు. చెమట తుడుచుకున్నారు.

"ప్రిన్సిపాల్ గారూ, ఇట్లా రండి. ఈ అమ్మాయికి నేను మార్కులెట్లా వేసేదండీ?"

"అనురూపత లేదు కదండీ. నియమానుసారం సున్నా విధించండి," అన్నారు పరాంకుశరావు గారు.

"సున్నా వేస్తే ఆవిడ రాసిందే నిజమవుతుంది. నిజమైతే నూరు వేయాలి."

"అటులైన నూరే విధించండి."

"నూరు వేస్తే ఆవిడ రాసింది అబద్ధమవుతుంది. అబద్ధమైతే సున్నా వేయాలి."

పరాంకుశరావు గారు శాలువా తీసి కుర్చీకి వేసి, ముందు బెంచీలో కూలబడ్డారు. "పోనీ, ఉభయ తారకంగా యాభై?"

"యాభై సున్నా కాదు గదండీ. మళ్లీ అబద్ధమే, మళ్లీ సున్నాయే. సున్నా అంటే మళ్లీ నిజం."

అంజని గబగబా ముందుకొచ్చింది. "సార్, నేను కావాలని రాయలేదు సార్. నిజంగానే సున్నా వస్తుందనుకున్నాను," అంది. ఉద్యోగాల ప్రకటన పడిపోయింది. దరఖాస్తుకి పది రోజులే గడువు. ఫెయిలైనా బాధపడి ఊరుకునేది, ఇదేమిటో తెలియడం లేదు.

అప్పుడు ముందు బెంచీలోంచి ప్రిన్సిపాల్ గారే, తను ఎక్కడ కూర్చున్నారో చూసుకోకుండా, చెయ్యెత్తారు. "అమ్మా అంజనీ, నాకిది అర్థం కావడం లేదు. నూరు వేస్తే తప్పేమిటో ఇంకోసారి చెప్పమ్మా."

అంజనికి చెప్పక తప్పలేదు. సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద గీసింది, చెరిపింది, బాణాలు వేసింది. మస్తాన్ వలీ బోర్డు దగ్గరికొచ్చి వాదనకి దిగాడు. రిబ్బన్లావిడ అతన్ని తోసేసి తన దారి చూపించింది. విజయభారతి మేడం 'ఇరవై ఐదు వేసి చూడండి' అని పట్టుబట్టి, వేసి చూసి, నోరు నొక్కుకుంది. ఒక దశలో పరాంకుశరావు గారు ఎగిరి గంతేసి, "తెలిసింది! ఏది వేసినా కుదరదు! ఎందుకంటే మన నిబంధన తనని తానే కొరుక్కుంటోంది!" అని కేకపెట్టారు. ఆయన మొహంలో వెలుగు చూసి అంజని పరీక్ష సంగతి మర్చిపోయి పకపకా నవ్వింది.

ఉమాపతి గారు మార్కుల గడి ఖాళీగా వదిలి, కేసుని విశ్వవిద్యాలయానికి పంపారు. సంఘం మళ్లీ కూర్చుంది. సభ్యులు తలా ఒక మార్కు ప్రతిపాదించారు, ఏదీ నిలవలేదు. టీలు, బజ్జీలు పదేపదే వచ్చాయి. చివరికి గడువుకి ముందు రోజు సాయంత్రం తీర్మానం వెలువడింది: 'అభ్యర్థిని ఉత్తీర్ణురాలైనదని చెప్పుటకు వీలు లేదు. అయితే అనుత్తీర్ణురాలైనదని చెప్పుటకు సైతము ఆధారములు లభించలేదు. ఇదే విషయము ధ్రువీకరించడమైనది.' ఇట్టి పరిస్థితి పునరావృతం కాకుండా నాలుగో గడిని, దానికి మూలమైన మూడో గడిని కూడా రద్దు చేశారు. ఆ ఖాళీ స్థలంలో ఏం పెట్టాలో సిఫారసు చేయడానికి ఇంకో సంఘం వేశారు.

ఉద్యోగాల నిబంధనల్లో 'బీఈడీలో అనుత్తీర్ణులు అనర్హులు' అని మాత్రమే ఉంది. అంజని అనుత్తీర్ణురాలని ఆధారాల్లేవు కదా. దరఖాస్తు పెట్టింది, పరీక్ష రాసింది, ర్యాంకు తెచ్చుకుంది. ఊరి కేటాయింపు రోజున ధ్రువపత్రాలు చూసే అధికారి ఆమె కాగితాన్ని చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని వందల సర్టిఫికెట్లు చూశానో తల్లీ. పాసైనట్టు అన్నీ అంటాయి, పాఠం చెప్పడం వచ్చో రాదో ఒక్కటీ అనదు. ఇది మాత్రం తనకి తెలీదని ఒప్పుకుంది. నాకిదే నయమనిపిస్తాంది," అని ముద్ర గుద్దేశాడు. "ఏ ఊరు కావాలో చెప్పు. రోడ్డు పక్కన మంచి స్కూళ్లున్నయ్. పిల్లలు బుద్ధిమంతులు, నోట్లో వేలు పెట్టినా కొరకరు."

"మిగిలినవి ఏమున్నాయి సార్?"

"ఒకటుందిలే. ఎవరూ తీసుకోటల్లా. అక్కడి పిల్లకాయలు ఊరికే ఉండరు. ప్రతిదానికీ అదేంది, ఇదేంది, అట్టా ఎట్టా అని ప్రాణం తీస్తారంట. తట్టుకోలేక ముగ్గురు లెక్కల మేష్టర్లు వరసగా బదిలీ చేయించుకుని పోయారు."

అంజని కుర్చీ అంచుకి జరిగింది. "ఆ ఊరికి బస్సు ఎన్నింటికి సార్?" అని అడిగింది.